తేనెపట్టు విచ్చుకునే వరస: ఎక్స్‌ప్రెషన్లతో లేయర్లకు ఆలస్యం ఇవ్వడం (ప్రాజెక్టు డైరీ)

సోమవారం

తేనెటీగల మీద పిల్లల కోసం ఒక విద్యా వీడియో తయారవుతోంది. అందులో ప్రారంభ దృశ్యం నాది. స్క్రిప్టులో ఉన్నది ఇంతే: తెర మధ్యలో ఒక గది తెరుచుకుంటుంది, దాని చుట్టూ మిగతా గదులు విచ్చుకుంటూ పట్టు తయారవుతుంది, ఒక తేనెటీగ ఎగురుతూ వస్తుంది, దాని వెనకే మిగతావి వచ్చి వాలతాయి, చివరికి పట్టు మూసుకుంటుంది. మొత్తం 12 సెకన్లు. పని ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో, 1920 బై 1080, సెకనుకు 25 ఫ్రేములు.

గదుల లెక్క ముందే తేలిపోయింది. మధ్యలో ఒకటి, దాని చుట్టూ 6, వాటి చుట్టూ 12, ఆ పైన 18. మొత్తం 37 షడ్భుజాలు. అడ్డంగా చదివితే 4, 5, 6, 7, 6, 5, 4 చొప్పున ఏడు వరసలు. ఒక గది కేంద్రం నుంచి పక్క గది కేంద్రానికి 130 పిక్సెళ్లు పెట్టాను. ఈ కొలత తర్వాత చాలాసార్లు పనికొస్తుంది.

ఒక గది తెరుచుకోవడానికి మూడు కీఫ్రేములు (ఫలానా ఫ్రేములో విలువ ఇంత అని పెట్టే గుర్తులు) చాలు: స్కేలు, అంటే శాతంలో పరిమాణం, 0వ ఫ్రేములో 0, 10వ ఫ్రేములో 108, 16వ ఫ్రేములో 100. కొంచెం పొంగి సర్దుకుంటుంది. ఒక్క గది మీద ఇది చూడ్డానికి బాగుంది. ఒక్కో గదీ ఒక్కో లేయరు; ఇదే 37 లేయర్ల మీద పెట్టి ఒక్కో దాన్ని చేత్తో జరిపితే 111 కీఫ్రేములు అవుతాయి. దర్శకుడు "108 ఎక్కువైంది, 104 చేద్దాం" అంటే మళ్లీ అన్నీ ముట్టుకోవాలి. కీఫ్రేమ్ అసిస్టెంట్‌లో ఉండే సీక్వెన్స్ లేయర్స్ వాడొచ్చు. అది లేయర్లను టైమ్‌లైన్ మీద మెట్లలాగా పేర్చేస్తుంది. వరస ఒకసారి ఖాయమైపోతే అంతకన్నా త్వరగా అయ్యే దారి లేదు. కానీ పేర్చాక ఆ మెట్ల మధ్య దూరం మార్చాలంటే మళ్లీ పేర్చాల్సిందే. ఈ దృశ్యంలో నాకు బాగా తెలిసిన సంగతి ఒకటే: వ్యాఖ్యానం రికార్డింగ్ ఇంకా రాలేదు, వచ్చాక టైమింగ్ మారుతుంది. అందుకే మొదటి నుంచీ ఎక్స్‌ప్రెషన్ల (విలువను లెక్కకట్టి ఇచ్చే చిన్న కోడ్ ముక్కల) దారే పట్టాను.

నాకు కావలసింది కదలికను, వరసను విడదీయడం. గది ఎలా తెరుచుకుంటుందన్నది ఒక్కచోట ఉండాలి. ఏ గది ఎప్పుడు తెరుచుకుంటుందన్నది ఇంకోచోట ఉండాలి. ఒకదాన్ని మారిస్తే రెండోది చెదరకూడదు.

అందుకని 'నాయకుడు' అనే పేరుతో ఒక నల్ (తెర మీద కనబడని ఖాళీ లేయరు) పెట్టాను. స్కేలు కీఫ్రేములు దాని మీద మాత్రమే ఉన్నాయి. గదుల మీద ఒక్క కీఫ్రేము కూడా లేదు. స్కేలు పక్కనున్న స్టాప్‌వాచ్‌ని ఆల్ట్ నొక్కి క్లిక్ చేస్తే ఎక్స్‌ప్రెషన్ గడి తెరుచుకుంటుంది, మ్యాక్‌లో అయితే ఆప్షన్. అక్కడ రాసేది స్థూలంగా ఇది: నాయకుడి స్కేలు తీసుకో, అయితే ఇప్పటి సమయానిది కాదు, ఇప్పటి సమయంలోంచి ఆలస్యం తీసేస్తే వచ్చే సమయానిది. దీనికి వాల్యూ ఎట్ టైమ్ అనే ఫంక్షన్ ఉంది. ఆలస్యం 0.2 సెకన్లయితే ఆ గది ఎప్పుడూ నాయకుడి 0.2 సెకన్ల పాత రూపాన్ని చూపిస్తుంది. నాయకుడి మొదటి కీఫ్రేముకన్నా వెనకటి సమయం అడిగితే మొదటి కీఫ్రేము విలువే, అంటే సున్నా, తిరిగొస్తుంది. కాబట్టి తన వంతు వచ్చేదాకా గది కనబడకుండా ఉంటుంది. దానికోసం వేరే ఏర్పాటేం అక్కర్లేదు.

ఇక ఆలస్యం ఎంత? అందరూ మొదట పట్టేది ఇండెక్స్‌ని. అంటే టైమ్‌లైన్‌లో లేయర్ వరస సంఖ్య, పైనుంచి 1, 2, 3 అలా. ఇండెక్స్‌ని 2 ఫ్రేములతో గుణిస్తే చాలు, స్టాగర్, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా మొదలవడం, వచ్చేస్తుంది. ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. ఒకటి, ఆలస్యం సెకన్లలో లెక్క. ఫ్రేములలో ఆలోచిస్తే ఫ్రేమ్ డ్యూరేషన్‌తో గుణించాలి, 25 ఫ్రేముల కాంప్‌లో (కాంపొజిషన్, అంటే లేయర్లన్నీ ఉండే దృశ్యంలో) అది 0.04. రెండోది ఇంతకన్నా ముఖ్యం. టైమ్‌లైన్ పైన ఒక అడ్జస్ట్‌మెంట్ లేయరో లైటో చేర్చిన క్షణంలో కింద ఉన్న అన్ని ఇండెక్సులూ ఒకటి పెరుగుతాయి, టైమింగంతా రెండు ఫ్రేములు జరిగిపోతుంది. ఎవరూ ఏమీ మార్చలేదే అనుకుంటారు, సంగీతంతో పొంతన మాత్రం పోయి ఉంటుంది. ఇండెక్స్‌ని నేరుగా వాడకుండా, అందులోంచి నాయకుడి ఇండెక్స్ తీసేసి వాడితే ఈ గొడవ ఉండదు. పైన ఎన్ని లేయర్లు చేరినా ఇద్దరి మధ్య తేడా మారదు.

సాయంత్రం ఈ పద్ధతిలో ప్రివ్యూ చూశాను. 37 గదులు, మధ్య ఎడం 2 ఫ్రేములు. చివరి గది మొదలయ్యేది 72 ఫ్రేముల తర్వాత, దాదాపు 2.9 సెకన్లు. కదలిక నున్నగా ఉంది కానీ గదులు పైవరసలో ఎడమ నుంచి మొదలై ఒక్కో వరసా నింపుకుంటూ కిందకి వస్తున్నాయి. ఎవరో పేజీ మీద టైపు చేస్తున్నట్టుంది. స్క్రిప్టు అడిగింది మధ్యలోంచి విచ్చుకోవడం.

మంగళవారం

లేయర్లను కేంద్రం నుంచి బయటికి వచ్చే క్రమంలో టైమ్‌లైన్‌లో సర్దుకుంటే ఇండెక్స్ పద్ధతే సరిపోతుంది. కానీ అప్పుడు వరస టైమ్‌లైన్‌లో దాక్కుంటుంది, తెర మీద కనిపించే స్థానానికీ దానికీ సంబంధం ఉండదు. గది ఎక్కడుందో గదికే తెలుసు. ఆలస్యాన్ని అక్కడి నుంచే తీసుకోవాలి.

ఎక్స్‌ప్రెషన్లలో లెంగ్త్ అనే ఫంక్షన్‌కి రెండు బిందువులు ఇస్తే మధ్య దూరం చెబుతుంది. గది స్థానం, నాయకుడి స్థానం ఇచ్చాను. ఆలస్యం = దూరం ÷ అల వేగం. వేగానికి నాయకుడి మీద ఒక స్లైడర్ కంట్రోల్ పెట్టి సెకనుకు 650 పిక్సెళ్లు ఇచ్చాను. 130 పిక్సెళ్ల దూరంలో ఉన్న మొదటి వలయం 0.2 సెకన్లకు, అంటే 5వ ఫ్రేముకు మొదలవుతుంది. అన్నిటికన్నా దూరంగా 390 పిక్సెళ్లలో ఉన్నవి 15వ ఫ్రేముకు మొదలవుతాయి. ఆపైన తెరుచుకోవడానికి 16 ఫ్రేములు. 31 ఫ్రేముల్లో పట్టు మొత్తం సిద్ధం. నిన్నటి సుమారు మూడున్నర సెకన్ల వ్యవహారం సెకనుంపావులోకి వచ్చింది, అయినా హడావుడిగా అనిపించడం లేదు. ఒకే దూరంలో ఉన్నవి కలిసి కదులుతున్నాయి కాబట్టి కన్ను 37 సంఘటనలను కాకుండా ఒకే అలను చదువుతోంది.

ప్రివ్యూలో ఇంకో వింత కనిపించింది. వలయాలు గుండ్రంగా విచ్చుకోవడం లేదు, పువ్వులాగా విచ్చుకుంటున్నాయి. కాగితం మీద లెక్క వేశాను. షడ్భుజాల పట్టులో రెండో వలయంలోని 12 గదులూ కేంద్రానికి సమాన దూరంలో ఉండవు. మూలల్లో ఉన్న ఆరు సరిగ్గా రెండు గదుల దూరంలో, 260 పిక్సెళ్ల దగ్గర ఉంటాయి. వాటి మధ్యలో ఉన్న ఆరు మూడు వర్గమూలం రెట్లు, అంటే 1.73 గదుల దూరంలో, 225 పిక్సెళ్ల దగ్గర ఉంటాయి. మూడో వలయంలోనూ అంతే: మూలల ఆరు 3 గదుల దూరంలో, మిగతా 12 గదులు ఏడు వర్గమూలం రెట్లు, 2.65 గదుల దూరంలో. ఫ్రేములలోకి మారిస్తే గుంపులు 0, 5, 8.66, 10, 13.2, 15 దగ్గర మొదలవుతాయి. గదుల సంఖ్య 1, 6, 6, 6, 12, 6. రెండో వలయం దగ్గర ఆ 1.34 ఫ్రేముల తేడాయే రేకుల రూపం ఇస్తోంది. ఫ్రేమున్నర కూడా లేని తేడా కంటికి ఆనుతుందని ఇంతకుముందు అనుకునేవాణ్ని కాదు. ఆనుతుంది.

వలయాలుగానే తెరుచుకోవాలనుకుంటే దూరాన్ని 130తో భాగించి దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే సరి. 1.73, 2 రెండూ 2 అవుతాయి, 2.65, 3 రెండూ 3 అవుతాయి. ఈ చిట్కా మూడు వలయాల వరకే పనిచేస్తుంది. నాలుగో వలయంలో అతి దగ్గరి గదులు 3.46 దూరంలో ఉంటాయి, అవి 3కి సవరించబడి లోపలి వలయంతో కలిసిపోతాయి. అంతకన్నా పెద్ద పట్టు, ఏడు వలయాల దాకా, గీసేవాళ్లు దగ్గరి అంకెకు బదులు పై అంకెకు సవరించాలి, దానికి ముందు దూరంలోంచి అణువంత తీసెయ్యాలి. తియ్యకపోతే దశాంశాల చివర మిగిలే ధూళి వల్ల 2 కావలసింది 3 అవుతుంది.

రెండు రకాలూ పక్కపక్కన చూసేందుకు నాయకుడి మీద చెక్‌బాక్స్ కంట్రోల్ పెట్టాను. టిక్ పెడితే వలయం, తీసేస్తే పువ్వు. వలయం శుభ్రంగా ఉంది, లోగోలకి బాగా నప్పుతుంది. ఈ వీడియోకి మాత్రం పువ్వు రూపమే సరైనది. తేనెటీగ కథ పువ్వు దగ్గరే మొదలవుతుంది కదా.

బుధవారం

ఈ రోజు పనంతా ఆలస్యాన్ని చెక్కడమే.

ముందుగా సర్దుబాటు ఒకటి. ఇప్పటిదాకా ఆలస్యం లెక్క స్కేలు ఎక్స్‌ప్రెషన్‌లో ఉంది. ఇప్పుడు రొటేషన్, ఒపాసిటీ (ఎంత చిక్కగా కనబడాలన్నది), రంగు కూడా అదే వరసలో కదలాలి. ప్రతిచోటా అదే లెక్క మళ్లీ రాయడం కన్నా, ప్రతి గది మీదా 'ఆలస్యం' అనే స్లైడర్ పెట్టి లెక్క అందులో రాశాను. మిగతా ప్రాపర్టీలన్నీ ఆ స్లైడర్‌ని చదువుతాయి. ఒక గది మీద అన్నీ సరిచూసుకున్నాక ఎడిట్ మెనూలోని కాపీ ఎక్స్‌ప్రెషన్ ఓన్లీతో మిగతా 36 గదులకూ అంటించాను. ఆ పట్టు మొత్తం అర్థం కావాలంటే ఇప్పుడు రెండు చోట్ల చూస్తే చాలు: నాయకుడి కీఫ్రేములు, ఆలస్యం స్లైడర్.

తర్వాత అల స్వభావం. వేగం స్థిరంగా ఉంటే అల గోడ గడియారంలా సాగుతోంది. మధ్య గది తెరుచుకున్న వెంటనే మిగతావి ఎగబడుతున్నాయి, ఆ ఒక్క గదిని చూసే వ్యవధి ప్రేక్షకుడికి దొరకడం లేదు. అందుకని వేగం స్లైడర్ తీసేసి, మొత్తం ఆలస్యం 15 ఫ్రేములని ముందే ఖాయం చేశాను. దూరాన్ని గరిష్ఠ దూరంతో భాగిస్తే 0 నుంచి 1 మధ్య అంకె వస్తుంది. దాన్ని ఒక ఘాతానికి ఎత్తి 15తో గుణించాను. ఘాతం 1 అయితే నిన్నటిలాగే. 1 కన్నా తక్కువైతే మొదటి విరామం సాగి, బయటికి పోయేకొద్దీ విరామాలు బిగుస్తాయి. 1 కన్నా ఎక్కువైతే తిరగబడుతుంది, లోపల వేగం, బయట నిదానం.

0.5 పెడితే మొదటి వలయం దాదాపు 9 ఫ్రేముల దాకా ఆగిపోయింది, మధ్యగది ఒంటరిగా బిక్కుబిక్కుమంటోంది. 0.8 దగ్గర కుదిరింది. మొదటి వలయం 6.2 ఫ్రేముకు, రెండో వలయం మూలలు 10.8కి, మూడోవి 15కి. విరామాలు 6.2, 4.6, 4.2. తేడా చిన్నదే. కానీ మధ్యగది తెరుచుకున్నాక ఊపిరి పీల్చుకున్నట్టు ఒక క్షణం ఆగి, పట్టు మొత్తం దాన్ని అందుకున్నట్టుగా ఉంది. 'ఒక్కోదానికి ఇన్ని ఫ్రేములు' అని ఆలోచించడం మానేసి 'మొత్తం ఇన్ని ఫ్రేములు, దాన్ని ఎలా పంచాలి' అని ఆలోచించడం వల్లే ఈ స్వేచ్ఛ వచ్చింది. గదుల సంఖ్య రేపు మారినా నిడివి మారదు. స్టాగర్ చేసే ప్రతివారికీ నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే.

ఒకే దూరంలో ఉన్న ఆరు గదులూ సరిగ్గా ఒకే ఫ్రేములో మొదలవడం యంత్రంలా ఉంది. కొంచెం చెదరగొట్టాలి. ర్యాండమ్‌తో ఆలస్యానికి అటూ ఇటూ కొంత కలపొచ్చు. అయితే ముందు సీడ్ ర్యాండమ్‌లో (యాదృచ్ఛిక అంకెలు ఎక్కడి నుంచి పుట్టాలో చెప్పే ఫంక్షన్) ఇండెక్స్ ఇచ్చి, రెండో విలువగా ట్రూ ఇవ్వడం తప్పనిసరి. ఆ ట్రూ లేకపోతే ప్రతి ఫ్రేముకూ కొత్త అంకె పుడుతుంది, ఆలస్యం ప్రతి ఫ్రేమూ మారుతుంది, గది తెరుచుకోవడానికి బదులు వణుకుతుంది. ఇంటర్నెట్‌లో దొరికే చాలా ఎక్స్‌ప్రెషన్లలో వచ్చే వణుకుకి కారణం ఇదే. సీడ్‌లోనూ ఇండెక్స్‌లోంచి నాయకుడి ఇండెక్స్ తీసే వాడాను, ఆ పైన 'సీడ్' అనే స్లైడర్ కలిపాను. అమరిక నచ్చకపోతే ఆ స్లైడర్ ఒక అంకె జరిపితే కొత్త అమరిక వస్తుంది.

ఎంత చెదరగొట్టాలి? ఇక్కడ నిన్నటి లెక్క అక్కరకొచ్చింది. 0.8 ఘాతంతో రెండో వలయంలోని రెండు గుంపుల మధ్య ఎడం దాదాపు 1.2 ఫ్రేములు. అటూ ఇటూ ఫ్రేమున్నర చెదరగొడితే రెండు గుంపులూ కలిసిపోయి రేకులు మాయమవుతాయి, గదులు బొబ్బల్లా ఎక్కడపడితే అక్కడ లేస్తాయి. అటు అర ఫ్రేము, ఇటు అర ఫ్రేము ఇస్తే యంత్రం వాసన పోయింది, రేకులు నిలిచాయి. మధ్యగదికి ఆలస్యం సున్నాకన్నా కిందికి పోకుండా కట్టడి చేశాను.

రంగు విషయంలో చిన్న ఇబ్బంది. గది తెరుచుకున్నప్పుడు ఒక్కసారిగా తేనె రంగు మెరవాలి. దీనికి నాయకుడి మీద హోల్డ్ కీఫ్రేము ఉంది, అంటే మధ్య విలువలు లేవు, ఉంటే ఉంది లేకపోతే లేదు. స్కేలు లాంటి నున్నటి కదలికలో 8.66 ఫ్రేముల ఆలస్యం ఏ సమస్యా తేదు, వాల్యూ ఎట్ టైమ్ మధ్య విలువని లెక్కకట్టి ఇస్తుంది. హోల్డ్ అలా కాదు. ఉదాహరణకి వరసగా 1.25 ఫ్రేముల ఎడంతో మెరుపులు పెడితే అవి నిజానికి కనిపించేది 0, 2, 3, 4, 5, 7, 8, 9, 10 ఫ్రేముల్లో. ఎడం 2, 1, 1, 1, 2, 1, 1, 1 అవుతుంది. తాళం తప్పుతున్నట్టు అనిపిస్తుంది, కారణం మాత్రం ఎక్కడా కనబడదు. రంగు చదివే ఎక్స్‌ప్రెషన్‌లో మాత్రం ఆలస్యాన్ని పూర్తి ఫ్రేములకు సవరించాను. మిగతావాటిని ముట్టుకోలేదు.

గురువారం

తేనెటీగలు. మొత్తం తొమ్మిది: ముందు ఒకటి, వెనక ఎనిమిది. ఇక్కడ స్టాగర్ స్థానం మీద.

వెనక వచ్చేవి తమ పై లేయర్‌ని అనుసరించేలా రాయడం చాలామంది చేసే పద్ధతి: ఇండెక్స్‌లోంచి ఒకటి తీసిన లేయర్ స్థానాన్ని 4 ఫ్రేముల కిందటి సమయంలో అడగడం. చదవడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ తొమ్మిదోది ఎనిమిదోదాన్ని అడగాలి, అది ఏడోదాన్ని, అలా మొదటిదాకా. ప్రతి ఫ్రేముకూ ఈ గొలుసంతా నడవాలి, వరస పొడుగయ్యేకొద్దీ ప్రివ్యూ నత్తనడక నడుస్తుంది. మధ్యలో ఒక లేయర్ చెరిపితే గొలుసు చెదిరిపోతుంది. అన్నీ సూటిగా ముందున్న తేనెటీగనే అడిగేలా రాశాను: వరసలో నా సంఖ్యను 4 ఫ్రేములతో గుణించు, అంత వెనకటి స్థానం ఇవ్వు. చివరిది 32 ఫ్రేములు, 1.28 సెకన్లు వెనక ఉంటుంది.

ఇలా చేసినప్పుడు ఎగిరే వరసకు దానంతటదే ఒక ప్రాణం వచ్చింది. తేనెటీగల మధ్య సమయం స్థిరం, దూరం స్థిరం కాదు. ముందుది వేగంగా పోయేచోట వరస సాగుతుంది, మలుపులో నెమ్మదించినచోట దగ్గరవుతుంది. ముందుదాని దారిలో ఈజ్ (వేగం నున్నగా పెరిగి తగ్గడం) ఎంత చక్కగా ఉంటే వెనక వరస అంత బాగా ఊపిరి పీలుస్తుంది. అందుకని ఎక్స్‌ప్రెషన్ మీద కన్నా గ్రాఫ్ ఎడిటర్ మీదే ఎక్కువసేపు కూర్చున్నాను.

దారి చివర సంగతి వేరు. అన్నీ ఒకే దారిలో వస్తే అన్నీ ఒకే గది మీద ఒకదానిపై ఒకటి వాలతాయి. ఒక్కోటీ తన గది మీద వాలాలి. ఎక్స్‌ప్రెషన్ ఉన్న ప్రాపర్టీకి కూడా లోపల దాని సొంత విలువ ఉంటుంది, దాన్ని వాల్యూ అనే పేరుతో చదవొచ్చు. ఎక్స్‌ప్రెషన్ ఆపేసి, ఒక్కో తేనెటీగనీ అది వాలాల్సిన గది మీద చేత్తో పెట్టాను. ఆ తర్వాత ఈజ్ ఫంక్షన్: వాలే సమయం మొదలయ్యేవరకు దారి మీది స్థానం, సమయం ముగిసేసరికి వాల్యూ, మధ్యలో ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి నున్నగా మారడం. ఈ ఈజ్‌కి ఇచ్చే సమయం కూడా ఆలస్యం తీసిన సమయమే. కాబట్టి వాలడం కూడా తనంతట తానే వరసలోకి వచ్చింది. ఏ తేనెటీగ ఎక్కడ వాలాలో మార్చాలంటే చేత్తో జరిపితే చాలు. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా నచ్చిన ముక్క ఇది.

ఇక అవి పోయేవైపు తిరిగి ఉండాలి. రొటేషన్‌లో ఆ లేయర్ స్థానాన్ని ఇప్పుడు, ఒక ఫ్రేము కిందట అడిగి, తేడా నుంచి కోణం తీశాను. ఆర్క్ టాంజెంట్ రేడియన్లలో ఇస్తుంది, డిగ్రీలలోకి మార్చుకోవాలి. ఎగురుతున్నంతసేపూ బాగుంది. వాలగానే స్థానంలో తేడా సున్నా, కోణమూ సున్నా, తొమ్మిదీ ఒక్క విదిలింపుతో కుడివైపు తిరిగేశాయి. కోణం లెక్కకు వాడే సమయాన్ని క్లాంప్‌తో (విలువను హద్దు దాటనివ్వని ఫంక్షన్) పట్టి ఆపాను: వాలడం పూర్తయ్యే క్షణానికి ఒక ఫ్రేము ముందు దాటిపోకుండా. ఆ ఫ్రేములో కదలిక చాలా తక్కువే అయినా దిశ ఉంటుంది, ఆ దిశే చివరిదాకా నిలుస్తుంది.

రెక్కల మాట. తేనెటీగ రెక్కలు సెకనుకు సుమారు 230 సార్లు కొట్టుకుంటాయి. సెకనుకు 25 ఫ్రేముల్లో అంటే ఒక్కో ఫ్రేములో తొమ్మిది సార్లు. రెక్క పైకీ కిందకీ ఆడించడం ఇక్కడ అబద్ధమే అవుతుంది. రెక్క స్థానంలో పలచని మసక ఆకారం గీసి, దాని ఒపాసిటీని అటూ ఇటూ ఆడించాను. తొమ్మిదికీ ఒకే లయ ఉంటే కవాతులా ఉంటుంది, కాబట్టి ఒపాసిటీని ఆడించే సైన్ ఫంక్షన్ లోపలికి వరస సంఖ్యను కలిపాను. ఒక్కోదాని మెరుపు ఒక్కో దశలో ఉంది.

శుక్రవారం

వ్యాఖ్యానం వచ్చింది. "ఒక్క గదితో మొదలై" అన్న మాట నేను అనుకున్నదానికన్నా నిదానంగా చెప్పారు, చాలా బాగా చెప్పారు. మొత్తం ఆలస్యం స్లైడర్ 15 నుంచి 22 ఫ్రేములకు, ఘాతం 0.8 నుంచి 0.7కి. గుంపుల మధ్య ఎడం పెరిగింది కాబట్టి చెదరగొట్టడం అర ఫ్రేము దగ్గరే ఉంచినా సరిపోయింది. రెండు స్లైడర్లు జరిపి మాటకు పట్టు కలిపేశాను, ఒక్క గదినీ ముట్టుకోలేదు.

మిగిలింది మూసుకోవడం. నాయకుడి మీద స్కేలు 100 నుంచి 0కి వచ్చే కీఫ్రేములు పెడితే అవి కూడా అదే ఆలస్యంతో నడుస్తాయి: మొదట తెరుచుకున్న మధ్యగదే మొదట మూసుకుంటుంది, పట్టు మధ్యలో బొక్క పడి బయటికి పాకుతుంది. కావలసింది దానికి ఎదురు: అంచులు ముందు, మధ్యగది చివర. కాబట్టి మూసుకునేటప్పుడు ఆలస్యం = మొత్తం ఆలస్యం − తెరుచుకునేటప్పటి ఆలస్యం.

ఒక లెక్కలోంచి ఇంకో లెక్కకు ఎప్పుడు మారాలన్నదే అసలు ప్రశ్న. గది కదులుతుండగా ఆలస్యం మారితే అది ఒక్క ఫ్రేములో వెనక్కో ముందుకో గెంతుతుంది. అన్నీ 100 దగ్గర నిలకడగా ఉన్నప్పుడు మారిస్తే ఏ ఆలస్యంతో అడిగినా జవాబు 100 కాబట్టి మార్పు ఎవరికీ తెలియదు. అంటే చివరి గది తెరుచుకోవడం పూర్తయ్యాక, నాయకుడి మూసివేత మొదలవకముందు. ఇప్పుడు తెరుచుకోవడం 16 + 22 = 38 ఫ్రేముల్లో పూర్తవుతుంది, చెదరగొట్టిన అర ఫ్రేము అదనం. తేనెటీగలు తిరిగేదంతా దాని తర్వాతే, చోటు కావలసినంత ఉంది. నాయకుడి మీద 'మూత' అనే మార్కర్ పెట్టి, దాని సమయాన్ని పేరుతో చదివేలా రాశాను. ఎడిటర్ మార్కర్‌ని జరిపితే మారే క్షణం జరుగుతుంది.

నాయకుడిని నల్‌గా పెట్టడం ఇక్కడ కలిసొచ్చింది. మధ్యగదే నాయకుడైతే మూసుకునేటప్పుడు దానికి ఆలస్యం ఇవ్వడం కుదిరేది కాదు, కీఫ్రేములు దాని మీదే ఉంటాయి కాబట్టి.

మొత్తం ఆలస్యం స్లైడర్ మీద ఎవరూ కీఫ్రేములు పెట్టకూడదు. అది కదిలితే, కదులుతున్న మధ్యలోనే ప్రతి లేయరూ వేరే పాత క్షణాన్ని చూడ్డం మొదలుపెడుతుంది, కదలిక వెనక్కి నడిచే ప్రమాదం ఉంది. ముందుజాగ్రత్తగా ఎక్స్‌ప్రెషన్‌లో ఆ స్లైడర్ విలువను సున్నా సమయంలోనిదే తీసుకునేలా రాశాను. ఇకపై ఎవరైనా కీఫ్రేము పెట్టినా దృశ్యం చెడదు.

పట్టు మొత్తాన్ని కొంచెం తిప్పుతూ, పెంచుతూ పోయే నల్ కూడా ఉంది, దానికి గదులన్నీ, నాయకుడూ పిల్లలు, అంటే అది కదిలితే ఇవీ కదులుతాయి. దూరం లెక్కకు టూ కాంప్ (తెర మీది అసలు స్థానం ఇచ్చే ఫంక్షన్) లాంటివి వాడకుండా సాదా పొజిషన్లే వాడటం వల్ల తల్లి నల్ ఎంత పెరిగినా దూరాలు మారలేదు, అన్నిటికీ అదే తల్లి కాబట్టి. లేయర్ల అవుట్ పాయింట్లను (లేయరు ముగిసే చోట్లను) కూడా ఒకసారి సరిచూశాను: నాయకుడి మూసివేత ముగిసినచోటే గదులన్నీ కత్తిరిస్తే మధ్యగది మూసుకోవడం మధ్యలోనే తెగిపోతుంది. ఆలస్యం ఎంతుందో అంతమేరా లేయర్లు సాగాలి.

తర్వాతి సోమవారం

ఫైలు ఎడిటర్ చేతికి పోవాలి. ఎక్స్‌ప్రెషన్లు 2001లో ఆఫ్టర్ ఎఫెక్ట్స్ 5తో వచ్చినప్పటి నుంచీ జావాస్క్రిప్ట్ ఆధారంగానే నడుస్తున్నాయి, అయితే సీసీ 2019 నుంచి కొత్త ఇంజన్ ఉంది. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో పాతదాన్నీ ఎంచుకోవచ్చు. ఎవరి యంత్రం మీద ఏముంటుందో చెప్పలేం కాబట్టి చలరాశులు ప్రకటించడానికి కొత్త పదాలైన లెట్, కాన్‌స్ట్ వాడకుండా అంతటా పాత వార్ అనే రాశాను. రెండు ఇంజన్లలోనూ సరిగ్గానే నడిచింది.

ఎడిటర్ కీఫ్రేములే కావాలన్నారు, ఎక్స్‌ప్రెషన్లు చదవడం అలవాటు లేదట. కన్వర్ట్ ఎక్స్‌ప్రెషన్ టు కీఫ్రేమ్స్ చేస్తే ప్రతి లేయర్ మీదా ప్రతి ఫ్రేముకూ ఒక కీఫ్రేము పడుతుంది. 12 సెకన్ల కాంప్‌లో ఒక్కో ప్రాపర్టీకి 300. చూడ్డానికి ఏమీ మారదు, మార్చడానికి మాత్రం ఇక వీలుండదు. కాంప్‌కి నకలు తీసి ఆ నకలులో మాత్రమే అలా చేసి ఇచ్చాను. అసలు కాంప్‌లోని మొత్తం ఆలస్యం, ఘాతం, చెదరడం, సీడ్ స్లైడర్లను ఎసెన్షియల్ గ్రాఫిక్స్ ప్యానెల్‌లోకి లాగి ఒక టెంప్లేటుగా కూడా పంపాను. దాన్ని ప్రీమియర్‌లో తెరిస్తే ఈ నాలుగూ మామూలు స్లైడర్లుగా కనిపిస్తాయి, ఎక్స్‌ప్రెషన్ జోలికి పోనక్కర్లేదు.

మధ్యాహ్నం ఎడిటర్ ఫోన్ చేశారు. రెండో భాగానికి పట్టు కొంచెం నిదానంగా విచ్చుకుంటే బాగుంటుందని, ఆలస్యం 30 చేసి చూశానని. ఆయన టెంప్లేటులోనే చేశారు. 30తో తెరుచుకోవడం 46 ఫ్రేములకు పోతుంది, మూత మార్కర్ ఇంకా దూరంగానే ఉంది కాబట్టి ఇబ్బంది లేదని చెప్పాను. ఆ భాగానికి రెండో వలయం రేకులు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి, ఘాతం 0.75 పెట్టి చూడమన్నాను.